గంజాయి లెక్కలా, కాకి లెక్కలా?

మన ఊళ్ళలో ఒక పాత కథ చెప్పుకుంటారు. "మన నగరంలో కాకులెన్ని?" అని రాజుగారు అడిగారట. మంత్రి తడుముకోకుండా ఒక పెద్ద అంకె చెప్పాడు. "లెక్కపెట్టిస్తే తక్కువ తేలితే?" అన్నారు రాజుగారు. "కొన్ని చుట్టాలింటికి వెళ్ళాయి ప్రభూ!" అన్నాడు మంత్రి. "ఎక్కువ తేలితే?" అంటే "పొరుగూరి కాకులు చుట్టపుచూపుగా వచ్చాయి" అన్నాడు. తప్పని రుజువు చెయ్యడానికి వీల్లేని లెక్కలకి మనవాళ్ళు కాకి లెక్కలని పేరుపెట్టింది అందుకే.

మన రెండు రాష్ట్రాల్లో మాదకద్రవ్యాల గురించి వినిపించే అంకెలు చాలావరకు ఈ కోవలోవే. పట్టుబడిన గంజాయి పెరిగితే, మా పోలీసులు గట్టిగా పనిచేస్తున్నారంటుంది అధికారపక్షం. రాష్ట్రాన్ని గంజాయివనం చేశారంటుంది ప్రతిపక్షం. తగ్గితే, సాగును నిర్మూలించామంటుంది అధికారపక్షం. పోలీసులు కళ్ళు మూసుకున్నారంటుంది ప్రతిపక్షం. ఎన్నికలైపోయి కుర్చీలు మారితే వాదనలూ వాటితో పాటే మారిపోతాయి. అంకె మాత్రం ఎవరు ఏం చెప్పమంటే అదే చెబుతూ ఉంటుంది!

ఈ మధ్య మిత్రులం కొందరం కలిసి రెండు ప్రభుత్వాలకూ ఒక వినతిపత్రం పంపాలనుకున్నాం. కాలేజీల దాకా మత్తుమందులు వచ్చాయన్న మాట ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా వింటూనే ఉన్నాం కదా. "రాష్ట్రంలోకి ఏటా ఇన్ని టన్నులు వస్తున్నాయి" అని మొదటి పేరాలో ఒక్క వాక్యం రాసే పని నాకు అప్పజెప్పారు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, రోజూ డేటాతోనే పని. మూడు వారాంతాలు నివేదికలు తిరగేశాక ఆ వాక్యం రాయలేమనీ, రాయకూడదనీ తేలింది. ఎందుకో మీ అందరితో పంచుకోవాలని ఈ వ్యాసం.

అసలు విషయానికొద్దాం. సరఫరా అంటే బజారులోకి వచ్చిన సరుకు. ప్రభుత్వాల దగ్గర ఉన్నది పట్టుబడిన సరుకు లెక్క. ఈ రెండూ ఒకటి కావు. ఎంత సరుకు కదులుతోంది, పోలీసులు ఎంతగా వెతుకుతున్నారు, రవాణా చేసేవాళ్ళు ఎంత తెలివిగా దాస్తున్నారు అనే మూడింటి మీదా పట్టుబడేది ఆధారపడి ఉంటుంది. ఒక సమీకరణం, మూడు తెలియని రాశులు! హైస్కూలు లెక్కల మాస్టారుని అడిగినా దీన్ని సాధించలేమనే చెబుతారు. మనలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది మరీ తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ప్రాజెక్టులో పోయిన నెల 40 బగ్గులు, ఈ నెల 200 బగ్గులు నమోదయ్యాయనుకోండి. కోడు అయిదింతలు పాడైపోయిందని ఏ మేనేజరూ అనుకోడు. కొత్తగా టెస్టర్లు చేరారా అని ముందు అడుగుతాడు. ఆ ప్రశ్న గంజాయి దగ్గరకొచ్చేసరికి మనం ఎందుకు అడగం?

2021లో దేశం మొత్తం మీద సుమారు ఏడున్నర లక్షల కిలోల గంజాయి పట్టుబడితే, అందులో 2 లక్షల కిలోలు ఆంధ్రప్రదేశ్‌లోనే దొరికాయని నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో వార్షిక నివేదిక చెప్పింది. దేశంలోనే మొదటి స్థానం అని గగ్గోలు రేగింది. అయితే అదే ఏడాది చివర్లో 'ఆపరేషన్ పరివర్తన్' పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల సరుకును కుప్పపోసి తగలబెట్టారు. మరి ఆ మొదటి స్థానం సాగుకి వచ్చిందా, దాడులకి వచ్చిందా? రెండింటికీ కావచ్చు. ఏది ఎంత అన్నది ఆ అంకెలో లేదు.

కేరళనే తీసుకోండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మాదకద్రవ్యాల చట్టం కింద అక్కడ 26 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. పంజాబులో 12 వేల పైచిలుకు. కేరళలో పంజాబుకి రెండింతల మత్తుమందు ఉందనా దీనర్థం? లేక సిగరెట్టులో గంజాయి నింపుకుని తాగిన కుర్రాడి మీద కూడా అక్కడి పోలీసులు వదలకుండా కేసు రాస్తారనా? కేసుల సంఖ్య చూసి ఇది తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఇక పుస్తకాలు ఎన్నో లెక్కలు అన్ని. రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేటు వారి 2021-22 నివేదికలో ఆంధ్రప్రదేశ్ గంజాయి 18 టన్నుల పైచిలుకు. నార్కోటిక్స్ బ్యూరో వారి 2021 పుస్తకంలో 200 టన్నులు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరిది తాము పట్టుకున్నదాని లెక్క, ఇంకొకరిది అన్ని శాఖలూ పట్టుకున్నదాని కూడిక. ఒకరిది ఆర్థిక సంవత్సరం, ఇంకొకరిది క్యాలెండర్ సంవత్సరం. కానీ టీవీ చర్చల్లో కూర్చున్న పెద్దలు తమకు ఏది అనువుగా ఉంటే ఆ పుస్తకం తెరుస్తారు. పైగా సరుకు ఎక్కడ పట్టుబడితే ఆ రాష్ట్రం ఖాతాలో పడుతుంది. ఒడిశాలోని మల్కన్‌గిరిలో పండి, సీలేరు మీదుగా నర్సీపట్నం దాటి, హైదరాబాదు గుండా మహారాష్ట్ర వెళ్ళే లారీ సంగతి చూడండి. అది ఎక్కడ దొరుకుతుందన్న దాన్ని బట్టి నాలుగు రాష్ట్రాల్లో ఏదో ఒకదానికి చెడ్డపేరు వస్తుంది. దొరక్కపోతే ఎవరి లెక్కలోకీ రాదు.

సరే, పట్టుబడినదైనా సరిగ్గా తూచామా అంటే అదీ అనుమానమే. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు మాత్రమే. కొసలతో కలిసి లేని ఆకులూ, గింజలూ గంజాయి కిందకి రావు. గోనెసంచిలో కొమ్మలు, ఆకులు, గింజలు, తేమ అన్నీ కలిపి తూచినప్పుడు వచ్చే బరువు వేరు, చట్టం చెప్పే గంజాయి బరువు వేరు. ఈ వాదన మీద హైకోర్టుల్లో బెయిళ్ళు వచ్చిన కేసులున్నాయి. పత్రికా ప్రకటనలో అంకె మాత్రం సంచి బరువే.

కిలోలతో ఇంకో చిక్కుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం సంగతి మనకి కొత్త కాదు. దాని మోతాదు అర మిల్లీగ్రాము అనుకున్నా, ఒక్క కిలోతో 20 లక్షల మోతాదులవుతాయి. గంజాయి కిలో, ఆల్ప్రజోలం కిలో, హెరాయిన్ కిలో అన్నీ కలిపి "ఈ ఏడాది ఇన్ని టన్నుల డ్రగ్స్ పట్టుకున్నాం" అనడం, ఇసుకనీ బంగారాన్నీ ఒకే తక్కెడలో వేసి మొత్తం బరువు చెప్పడమే. ఆ కూడికలో ఎప్పుడూ గంజాయే పెద్దగా కనిపిస్తుంది. మూతపడిన ఫ్యాక్టరీలో ఎవరో వండుతున్న రసాయనం కనిపించనే కనిపించదు.

ప్రయోగశాల నివేదిక రాకముందే అంకె బయటికొస్తే ఏమవుతుందో విశాఖ కంటైనర్ ఉదంతం చూపించింది. 2024 మార్చిలో, ఎన్నికల షెడ్యూలు వెలువడిన వారంలోనే, బ్రెజిల్ నుంచి వచ్చిన కంటైనరులో 25 వేల కిలోల ఎండు ఈస్టు ఉందనీ, ప్రాథమిక పరీక్షల్లో మత్తు పదార్థాల ఛాయలు కనిపించాయనీ సి.బి.ఐ. ప్రకటించింది. అంతే, 25 వేల కిలోల డ్రగ్స్ అంటూ ప్రచారం మొదలైంది. సరుకు మీవాళ్ళదంటే మీవాళ్ళదని రెండు ప్రధాన పార్టీలూ దుమ్మెత్తిపోసుకున్నాయి. ఆ ఏడాది చివరికి, లేబొరేటరీ పరీక్షలన్నీ అయ్యాక, అందులో మత్తుమందు లేదని తేలింది. మొదటి వార్త మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. రెండోది ఎంతమందికి చేరింది?

డబ్బు రూపంలో చెప్పే అంకె ఇంకా మోసం. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. దిగుమతి చేసుకున్న కంపెనీ చిరునామా విజయవాడది కావడంతో మన దగ్గర పెద్ద రభస జరిగింది. విలువ 21 వేల కోట్లన్నారు. భాగించి చూడండి, కిలో 7 కోట్లు. అదే సరుకు బయలుదేరిన అఫ్గానిస్థాన్‌లో టోకున కిలో కొన్ని వేల డాలర్లే, అంటే కొద్ది లక్షల రూపాయల మాట. పొలం గట్టు ధర కడితే ఒక అంకె, విదేశీ నగరంలో చిల్లర ధర కడితే దానికి వందల రెట్ల అంకె. ఏ ధర కట్టారో చెప్పకుండా కోట్లు చెబితే ఆ కోట్లకి అర్థం లేదు.

పట్టుకున్నాక సరుకు ఏమైందన్నది మరో ప్రహసనం. దేశవ్యాప్తంగా స్వాధీనమైన మాదకద్రవ్యాలకూ, ధ్వంసం చేసినవాటికీ పొంతన లేదని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించింది. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథురలో 581 కిలోల గంజాయిని కోర్టుకి చూపించమంటే, ఎలుకలు తినేశాయని పోలీసులు చెప్పుకున్నారు! గోదాములో ఉన్నదానికే లెక్క లేనప్పుడు అడవిలో ఉన్నదాని లెక్క చెబుతామంటే ఎలా నమ్మడం?

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యమని ఎవరూ అనుకోవద్దు. ఉపగ్రహాలు, డబ్బు, నిపుణులు అన్నీ ఉన్నచోట కూడా ఈ లెక్క తెగలేదు. 2006లో కొలంబియాలో కోకా సాగు ఎంత అంటే, ఐక్యరాజ్యసమితి 78 వేల హెక్టార్లంది, అమెరికా ప్రభుత్వం 1 లక్షా 57 వేల హెక్టార్లంది. అదే దేశం, అదే సంవత్సరం, సరిగ్గా రెండింతల తేడా. పైనుంచి తీసిన ఫొటోల్లో ఏది కోకా, ఏది అడవి, ఏ ప్రాంతాన్ని చూడాలి, మబ్బు పట్టినచోట ఏం అనుకోవాలి అన్నది ఎవరి పద్ధతి వారిది. మన ఏజెన్సీలోనైతే కొండవాలు మీద, చెట్ల మధ్య, చిన్న చిన్న మడుల్లో పంట. నరికిన ఎకరాలెన్నో చెబుతారు. నరకనివి ఎన్నో తెలియకుండా, మొత్తంలో ఎంత భాగం నరికారో ఎలా తెలుస్తుంది?

మనం ఉంటున్న అమెరికా సంగతే చూడండి. 1971లో మాక్స్ సింగర్ అనే విశ్లేషకుడు ఒక వ్యాసం రాశాడు. న్యూయార్క్‌లోని హెరాయిన్ బానిసలు ఏటా వందల కోట్ల డాలర్ల సొత్తు దొంగిలిస్తున్నారని అప్పట్లో అందరూ నమ్మేవారు. వాళ్ళు నిజంగా దొంగిలించేది అందులో సుమారు పదో వంతు మాత్రమే ఉంటుందని ఆయన మామూలు కూడికలు, గుణకారాలతో చూపించాడు. దాదాపు లక్షమంది బానిసలు, రోజుకి ఇన్ని డాలర్లు, ఏడాదికి 365 రోజులు అని గుణించుకుంటూ పోయారే తప్ప వచ్చిన జవాబు సాధ్యమా అని ఎవరూ చూడలేదు. యాభై ఏళ్ళు గడిచాయి. 2025 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ పామ్ బాండీ, ఫెంటనిల్ పట్టివేతలతో 25 కోట్ల 80 లక్షల ప్రాణాలు కాపాడామని కేబినెట్ సమావేశంలో ప్రకటించారు. అమెరికా జనాభా 34 కోట్లు. మత్తుమందుల అధిక మోతాదు మరణాలు అత్యధికంగా నమోదైన 2022లో అన్ని మందులూ కలిపి చనిపోయినవారు సుమారు 1 లక్షా 8 వేలు. కిలోలని ప్రాణాంతక మోతాదుతో భాగిస్తే వచ్చిన అంకె అది!

మరోపక్క, నిజంగా ఉపయోగపడే లెక్కని ఈ దేశమే చేతులారా వదులుకుంది. జైళ్ళకి కొత్తగా వచ్చినవాళ్ళ మూత్రపరీక్షల ద్వారా వాడకాన్ని అంచనా వేసే 'ఆడమ్' కార్యక్రమాన్ని 2003లో ఆపేశారు. 2007లో చిన్న స్థాయిలో మళ్ళీ మొదలుపెట్టి, 2013 తర్వాత అదీ ఆపేశారు. ఇళ్ళకెళ్ళి అడిగే సర్వేలు జైల్లో ఉన్నవాణ్ణీ, వీధిలో పడుకున్నవాణ్ణీ పట్టుకోలేవు. ఎక్కువ వాడేది వాళ్ళలోనే ఉంటారు మరి.

అంకె వక్రీకరణకి పంజాబుని మించిన ఉదాహరణ మన దేశంలో లేదు. పంజాబు యువతలో పదిమందిలో ఏడుగురు మత్తుకి బానిసలని 2012లో రాహుల్ గాంధీ అన్నారు. దాని మూలం ఒక విశ్వవిద్యాలయ అధ్యయనం. అందులో సర్వే చేసింది కేవలం 600 మంది బానిసలని. ఆ బానిసల్లో 73 శాతం పైగా 16-35 ఏళ్ళ మధ్యవారని ఆ అధ్యయనం చెప్పింది. "బానిసల్లో ఇంతమంది యువకులు" అన్నది "యువకుల్లో ఇంతమంది బానిసలు" అయి కూర్చుంది! తర్వాత 2015లో ఎయిమ్స్ నిపుణులు చేసిన సర్వేలో నల్లమందు జాతి మత్తుకి బానిసలైనవారు 2 లక్షల 32 వేల మంది అని అంచనా వేశారు. రెండు కోట్ల డెబ్బై లక్షల జనాభాలో ఇది నూటికి ఒకరికి లోపు. తక్కువేం కాదు, అన్ని కుటుంబాల కన్నీళ్ళు అవి. కానీ ఏడుగురికీ ఒకరికీ వైద్యం వేరు, బడ్జెట్ వేరు, విధానం వేరు.

"అంకెలతో ఇంత తంటా ఎందుకు? చెడుని చెడు అంటే చాలదా?" అని మీలో కొందరు అడగవచ్చు. చాలదు. తప్పు కొలత మనుషుల్ని జైలుకి పంపుతుంది. అధికారి పనితీరుకి కిలోలే కొలమానమైనప్పుడు, కిలోలు మోసేవాడే దొరుకుతాడు, మోయించినవాడు దొరకడు. 20 కిలోలు దాటితే గంజాయి 'వాణిజ్య పరిమాణం' అవుతుంది. బెయిలు దాదాపు అసాధ్యం, నేరం రుజువైతే కనీసం పదేళ్ళు. ఏజెన్సీలో కొద్దిపాటి కూలికి మూట ఎత్తుకున్న గిరిజన కుర్రాడు ఆ లెక్కలో ఒక 'విజయం'. సంచిలోని ఆకులతో కలిపి 21 కిలోలా, ఆకులు తీసేసి 12 కిలోలా అన్నది అతని యవ్వనం మొత్తానికి సంబంధించిన ప్రశ్న. అటుపక్క, కిలోల్లో లెక్కకి రాని మాత్రలకీ పొడులకీ అలవాటుపడిన పట్నం కుర్రాడికి వైద్య కేంద్రం ఉండదు, ఎందుకంటే అతను ఏ పట్టికలోనూ లేడు.

అలాగని కొలవడం అసాధ్యమని చేతులెత్తేయనక్కర్లేదు. 2005లో ఇటలీ శాస్త్రవేత్తలు పో నది నీటిని పరీక్షించి, కొకైన్ వాడినవారి మూత్రంలో వచ్చే పదార్థాన్ని కొలిచారు. రోజుకి సుమారు 4 కిలోల కొకైన్ వాడకానికి సమానమైనది ఆ నదిలో కలుస్తోందని, అధికారిక అంచనాల కన్నా అది చాలా ఎక్కువని తేలింది. మురుగునీరు అబద్ధం చెప్పదు, ఎవరినీ పేరుపెట్టి పట్టివ్వదు కూడా. ఆస్ట్రేలియా 2016 నుంచి దేశవ్యాప్తంగా ఇలా కొలుస్తూ, ఫలితాలు ప్రజల ముందు పెడుతోంది. మనకి ఆ శక్తి లేదా? 2020లో కరోనా సమయంలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు నగర మురుగునీటిని పరీక్షించి, 6 లక్షల 60 వేల మందికి సోకి ఉండవచ్చని అంచనా కట్టారు. వైరస్‌ని వెతకడం, రసాయనాన్ని కొలవడం ఒకటే కాదు, పరికరాలు వేరు. కానీ ఏ కాలువలో, ఎప్పుడు, ఎంత నీరు తీయాలి, ఎంత జనాభాకి లెక్కకట్టాలి అన్న అనుభవం ఆ ఊళ్ళోనే ఉంది. దీనికీ పరిమితులున్నాయి. సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్ళు ఇందులోకి రావు, ఊరి మీదుగా వెళ్ళిపోయే సరుకు కనిపించదు. అయినా పట్టివేతల పక్కన పెట్టి చూడటానికి స్వతంత్రమైన రెండో కొలత దొరుకుతుంది.

అందుకే రెండు ప్రభుత్వాలనూ మనం అడగవలసినవి ఇవని నా అభిప్రాయం.

ఒకటి: పట్టుకున్న ప్రతి సరుకుకీ తేదీ, చోటు, పచ్చిదో ఎండుదో, కొసల బరువెంత, ల్యాబ్ ఏం తేల్చింది, ఎప్పుడు ధ్వంసం చేశారు అన్న వివరాలు, నిందితుల పేర్లు లేకుండా, ఏటా ప్రచురించాలి.

రెండు: ఎన్ని కిలోలు పట్టుకున్నారో చెప్పేటప్పుడు, ఎన్ని వాహనాలు తనిఖీ చేస్తే అవి దొరికాయో కూడా చెప్పాలి.

మూడు: వీధిలో ధర ఎంత, సరుకులో స్వచ్ఛత ఎంత అన్నది మూడు నెలలకోసారి నమోదు చెయ్యాలి. దాడులు ఎంత జరిగినా ధర పెరగకపోతే సరఫరా పెద్దగా తగ్గలేదని అనుమానించాలి.

నాలుగు: హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో మురుగునీటి పరీక్షలు మొదలుపెట్టాలి.

అయిదు: ఈ లెక్క కట్టే పని పోలీసు శాఖకి కాకుండా అర్థగణాంక శాఖకీ, వైద్య నిపుణులకీ అప్పగించాలి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోకూడదు కదా.

మిత్రులారా, ఇందులో మనం చెయ్యగలిగింది కూడా ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు విదేశాల్లో ఉన్నా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. పౌరసత్వం మారినవారికి ఆ హక్కు లేదు కనుక వారు ఇంటి దగ్గరివారి సాయం తీసుకోవాలి. నార్కోటిక్స్ బ్యూరో, రెవెన్యూ ఇంటెలిజెన్స్ ఆ చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకి సంబంధించి తప్ప సమాచారం ఇవ్వనక్కర్లేదు. అక్కడికి రాసి లాభం లేదు. ఫోరెన్సిక్ ల్యాబులున్న రాష్ట్ర శాఖలకి రాయండి. గత అయిదేళ్ళలో ఎన్ని నమూనాలు వచ్చాయి, ఎన్నింటిలో మత్తుమందు లేదని తేలింది, ఎన్ని ఇంకా పరీక్షకి నోచుకోలేదు అని మూడు ప్రశ్నలు చాలు. మీ నియోజకవర్గ శాసనసభ్యుడితో పరిచయం ఉంటే ఇవే ప్రశ్నలు సభలో అడగమనండి. ఏ పార్టీవారైనా సరే.

ఈలోగా ఎవరైనా మీకు టన్నులో కోట్లో పంపితే, ముందుకి పంపేముందు మూడు సంగతులు అడగండి: లెక్కపెట్టింది దేన్ని? లెక్కపెట్టింది ఎవరు? ఆ అంకె పెద్దదైతే ఎవరికి లాభం? దరఖాస్తు నమూనా తెలుగులో తయారుచేసే పనిలో ఉన్నాను. చేతులు కలపగలిగినవారు, ముఖ్యంగా గణాంకశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు, ముందుకు రావాలని నా విన్నపం.